మనలాంటివాడా, మనకంటే ఘనుడా?



ఎన్నికలు వచ్చాయంటే మన ఊళ్ళల్లో అభ్యర్థులకు ఎక్కడలేని చేతిపనులూ వచ్చేస్తాయి. ఒకాయన టిఫిన్ బండి దగ్గర ఆగి దోసె తిరగేస్తాడు. ఇంకొకాయన ఇస్త్రీ పెట్టె అందుకుంటాడు. మరొకాయన సెలూన్‌లో దూరి ఎవరికో గడ్డం గీస్తాడు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో ఆ భగవంతుడికే తెలియాలి. పక్కన కెమెరా తప్పకుండా ఉంటుంది. దోసె కాలిందా, మాడిందా అని ఎవరూ అడగరు. ఈ హడావిడంతా ఒక్క మాట చెప్పడానికి: నేనూ మీలాంటివాణ్ణే.

నాయకుడు నిజంగా మనలాంటివాడై ఉండాలా? లేక మనకంటే ఘనుడై ఉండాలా? ఈ పూట మాట్లాడదలచుకున్నది దీని గురించే. రేడియో మర్యాద పాటించి, బతికున్న నాయకులెవరి పేరూ ఎత్తను. పోయినవాళ్ళతోనే నాకు కావలసినంత పని ఉంది.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఈ నాటకం మన గడ్డమీద పుట్టింది కాదు. 1840లో అమెరికాలో అధ్యక్ష ఎన్నిక జరిగింది. విగ్ పార్టీ తరఫున విలియం హెన్రీ హ్యారిసన్ అనే మాజీ సేనాపతి నిలబడ్డాడు. వయసు మీద పడ్డవాడు. బాల్టిమోర్‌లో ఎదుటి పక్షం పత్రిక ఒకటి ఆయన్ని వెక్కిరించింది. ఈ ముసలాయనకి ఒక పీపా పులిసిన ఆపిల్ రసం, కాస్త పింఛనూ ఇస్తే చాలు, దుంగల గుడిసెలో కూర్చుని కాలక్షేపం చేస్తాడని రాసింది. విగ్ పార్టీవాళ్ళు ఆ వెక్కిరింతనే జెండాగా ఎత్తుకున్నారు. అవును, మావాడు గుడిసెవాడే, మీ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెనే బంగారు చెంచాలతో తినే దొర అన్నారు. బండ్ల మీద దుంగల గుడిసెలు కట్టి ఊరేగించారు. పీపాలు తెరిచి ఊరూరా పోశారు. అప్పట్లో ఓటర్లంటే దాదాపు అందరూ తెల్లజాతి మగవాళ్ళే అనుకోండి, వాళ్ళలో నూటికి 80 మంది దాకా వచ్చి ఓట్లేశారు. హ్యారిసన్ గెలిచాడు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. హ్యారిసన్ పుట్టింది వర్జీనియాలో, బెర్క్లీ అనే పెద్ద తోటల ఎస్టేటులో, ఇటుకలతో కట్టిన భవంతిలో. తండ్రి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళలో ఒకడు, ఆ తరవాత వర్జీనియా గవర్నరు. 'దొర' అనిపించుకున్న వాన్ బ్యూరెన్ తండ్రి కిండర్‌హుక్ అనే పల్లెలో పూటకూళ్ళ సత్రం నడుపుకున్నవాడు. సత్రం నడిపినవాడి కొడుకేమో దొర అయ్యాడు, ఎస్టేటు దొర కొడుకేమో గుడిసెవాడు అయ్యాడు. హ్యారిసన్ 1841 మార్చి 4న ప్రమాణస్వీకారం చేసి, ఏప్రిల్ 4న కన్నుమూశాడు. ఆయన ఎలా పాలించి ఉండేవాడో ఎవరికీ తెలిసే అవకాశం లేకపోయింది. ఆ ప్రచార పద్ధతి మాత్రం పోలేదు. ఘనత నటించాలంటే కొంత సరుకైనా ఉండాలి. మామూలుతనం నటించడానికి అదీ అక్కర్లేదు, చొక్కా మారిస్తే చాలు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం.

పుట్టుక లెక్కన చూస్తే ప్రకాశం పంతులుగారికంటే మామూలు మనిషి ఎక్కడ దొరుకుతాడు? తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టి పిల్లల్ని సాకింది. నాటకాల్లో వేషాలు వేసుకుంటూ తిరిగే ఆ కుర్రాడు రాజమండ్రిలో ప్లీడరయ్యాడు, మునిసిపల్ చైర్మనయ్యాడు, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చి మద్రాసు హైకోర్టులో బోలెడు గడించాడు. 1921లో ప్రాక్టీసు వదిలేసి, ఆ డబ్బంతా 'స్వరాజ్య' పత్రికలో పోశాడు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసు వీధిలో తుపాకి ఎదుట రొమ్ము విప్పి నిలబడ్డాడు. ఇవాళ్టి ప్రచార నిపుణుల చేతికి చిక్కి ఉంటే ఆ పూటకూళ్ళ ఇంటి మీద వాళ్ళు ఓ సినిమా తీసి ఉండేవాళ్ళు. ఆ రోజుల జనం ఆయన్ని ఆంధ్రకేసరి అన్నది మాత్రం, తాము చెయ్యలేని పని ఆయన చేశాడని.

మరి ఆ ఘనత పరిపాలనకు పనికొచ్చిందా? ఇక్కడే నాకు చిక్కు. 1946లో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. నూలు మిల్లుల విస్తరణ వద్దు, ఖద్దరు కావాలని పట్టుబట్టారు. ఎంతోమంది చెప్పి చూశారు, వినలేదు. ఏడాది తిరక్కుండానే సొంత పార్టీవాళ్ళే దింపేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. పదమూడు నెలలకే మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. తుపాకి ముందు కదలకుండా నిలబెట్టిన గుణమే సచివాలయంలో ఆయన్ని ఎవరి మాటా విననివ్వలేదేమో అనిపిస్తుంది. అది గుణమని మెచ్చుకోవాలో, మొండితనమని నొచ్చుకోవాలో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఎన్టీ రామారావుగారి కథ ఇంకో రకం. వెండితెర మీద రాముడు, కృష్ణుడు. 1982లో పార్టీ పెట్టి చైతన్యరథమెక్కి ఊళ్ళు తిరిగారు. రాత్రి ఎక్కడ ఆగితే అక్కడే పడక, తెల్లవారితే రోడ్డు పక్కనే స్నానం. జనం రోడ్లకు రెండు పక్కలా బారులు తీరారు. మామూలు మనిషి రోడ్డు పక్కన స్నానం చేస్తే చూసేదేముంది? దేవుడి వేషం కట్టినవాడు చేశాడు కాబట్టే చూడడానికి వచ్చారు. మన తెలుగువాళ్ళ కోరిక అందులో ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. మనకు దేవుడే కావాలి, ఆ దేవుడు మన చెరువులోనే మునగాలి.

1983 జనవరిలో ఆయన గద్దెనెక్కాక కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కరణాలు, మునసబుల వ్యవస్థ పోయింది. తండ్రి ఆస్తిలో కూతురికి సమాన వాటా వచ్చింది. ఇవి చిన్న పనులు కావు, మామూలు ముఖ్యమంత్రి చేసే సాహసాలు అంతకన్నా కావు. ఆయనే 1989 ఫిబ్రవరిలో, బడ్జెట్ వివరాలు ముందే పత్రికలకు పొక్కాయని, మంత్రివర్గం మొత్తాన్ని ఒక్క దెబ్బకి ఇంటికి పంపేశారు. ఆ ఏడాది చివర ఎన్నికల్లో పార్టీ ఓడింది. ఆయన స్వయంగా కల్వకుర్తిలో ఓడిపోయారు. ఘనుడికి 'కాదు' అని చెప్పేవాడు పక్కన ఉండాలి. ఘనుణ్ణి చూస్తే ఆ 'కాదు' అనే మాట చాలామంది గొంతు దాటి రాదు.

పుచ్చలపల్లి సుందరయ్యగారి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది సైకిలు. 1952లో రాజ్యసభకు వెళ్ళి, పార్లమెంటుకు సైకిలు మీద వచ్చేవారని. నిజమే, వచ్చేవారు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి ఇంట పుట్టి, పేరు చివరి కులం తోక తీసేసి, ఆస్తి కమ్యూనిస్టు ఉద్యమానికి ఇచ్చేశారు. పిల్లలుంటే తన వాళ్ళన్న మమకారం పని మధ్యలో అడ్డొస్తుందని భార్యాభర్తలు పిల్లల్నే వద్దనుకున్నారు. ఇందులో మామూలుతనం ఎక్కడుందో చెప్పండి! మనలో ఎవరం చేస్తాం ఆ పని? ఆ సైకిలు మామూలు మనిషి గుర్తు కాదు, మామూలు మనిషి చెయ్యలేని త్యాగాల్లో అన్నిటికంటే చిన్నది. మనం ఆ చిన్నదాన్ని పట్టుకుని, పెద్దవాటిని వదిలేశాం. సైకిలు తొక్కడం ఎవరైనా అనుకరించగలరు, కనీసం ఫోటో పడేదాకా.

పీవీ నరసింహారావుగారిని మనలాంటివాడని ఎవరూ అనరు. బోలెడు భాషలు వచ్చిన మనిషి. విశ్వనాథవారి 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తీసుకెళ్ళిన మనిషి. సభల్లో జనాన్ని ఉర్రూతలూగించే గొంతు లేదు, నవ్వే ముఖమూ కాదు. 1991 సార్వత్రిక ఎన్నికల్లో ఆయన పోటీయే చెయ్యలేదు. జూన్ 21న ప్రధాని అయ్యేసరికి విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా ఉంది, లోక్‌సభలో సొంత మెజారిటీ లేదు. ఆర్థికశాఖకు ఎన్నడూ జనం ఓట్లతో గెలవని మన్మోహన్ సింగ్‌గారిని తెచ్చుకున్నారు. పరిశ్రమల శాఖ తన దగ్గరే పెట్టుకుని జూలై 24న, సరిగ్గా బడ్జెట్ రోజున, చాలా పరిశ్రమలకు లైసెన్సుల బెడద తీసేసే విధానం ప్రకటించారు. ఆ మార్పు మంచిదా కాదా అని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు, వాదించుకోవచ్చు. ఆ పరిస్థితిలో అంత వేగంగా అంత పని మామూలు చాతుర్యం ఉన్నవాడి వల్ల అయ్యేదన్నది మాత్రం వాదనలో నిలవదు. ఆ తెలివే 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలుతుంటే అక్కరకు రాలేదు. ఇక మన్మోహన్ సింగ్‌గారు 1999లో దక్షిణ ఢిల్లీలో లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. పదేళ్ళు ప్రధానిగా ఉన్న మనిషి జీవితంలో లోక్‌సభకు ఎన్నిక కాలేకపోయాడు.

ఇంతవరకూ విన్నవాళ్ళు నేను ఘనుల పక్షమే అనుకోవచ్చు. సగం వరకే.

ఘనుల పక్షంవాళ్ళకు ఒక పాత వాదన ఉంది. ప్లేటో కాలం నాటిది. ఓడ నడపడానికి సముద్రం తెలిసినవాణ్ణి పెట్టుకుంటాం గానీ ప్రయాణికులు ఓట్లేసి ఎన్నుకుంటారా అని. వినడానికి బాగుంటుంది. కానీ ఓడ ఎక్కేముందే ఎక్కడికి వెళ్ళాలో ప్రయాణికుడికి తెలుసు, టికెట్టు మీద రాసి ఉంటుంది. రాజకీయంలో తగాదా అంతా ఎక్కడికి వెళ్ళాలన్నదాని మీదే. ఊళ్ళో ముందు రోడ్డు వెయ్యాలా, మంచినీళ్ళు తేవాలా అన్నది నైపుణ్యం తేల్చే విషయం కాదు. బిందె ఎవరు మోస్తున్నారన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది.

దీనికి రుజువు మన దేశంలోనే ఉంది. 73వ రాజ్యాంగ సవరణ వచ్చాక పంచాయతీ అధ్యక్ష పదవుల్లో మూడోవంతు ఆడవాళ్ళకు కేటాయించారు. రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్తలు పశ్చిమ బెంగాల్‌లో బీర్భూమ్ జిల్లాలోనూ, రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లాలోనూ పంచాయతీలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఆడవాళ్ళు అధ్యక్షులుగా ఉన్నచోట మంచినీటి మీద ఖర్చు ఎక్కువగా కనబడింది. ఆ ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఎక్కువగా చెప్పుకునే బాధ కూడా మంచినీళ్ళే. అనుభవం ఇచ్చే ఈ జ్ఞానం పుస్తకాల్లో దొరకదు. ఎంత ఘనుడికైనా నీళ్ళ బిందె బరువు మోస్తేనే తెలుస్తుంది.

అయినా 2015లో హర్యానా ప్రభుత్వం పంచాయతీకి నిలబడాలంటే ఇంత చదువు ఉండాలని చట్టం చేసింది. సుప్రీంకోర్టు కూడా ఆ డిసెంబరులో దాన్ని సమర్థించింది. బడి మొహం చూడనివ్వకుండా చేసినవాళ్ళే, బడికి వెళ్ళలేదు కాబట్టి పోటీకి తగవు అనడం న్యాయమని నాకు తోచదు. విచిత్రమేమంటే ఎమ్మెల్యేకీ ఎంపీకీ అలాంటి షరతు లేదు. సర్పంచికి కావలసిన చదువు శాసనసభ్యుడికి అక్కర్లేదట!

రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించిన రోజు, 1949 నవంబరు 26న, బాబూ రాజేంద్రప్రసాద్‌గారు తన ప్రసంగంలో రెండు విచారాలు చెప్పుకున్నారు. అందులో ఒకటి ఇదే. చట్టాన్ని అమలు చేసేవాడికి బోలెడు అర్హతలు అడుగుతున్నాం, చట్టం చేసేవాడికి గెలవడం తప్ప ఏ అర్హతా అడగడం లేదన్నారు. అర్హతను ఎలా కొలవాలో మాత్రం ఆయనకూ తట్టలేదు. తట్టదు కూడా. చదువు పెడితే పేదవాడు పోతాడు, ఆస్తి పెడితే మళ్ళీ వాడే పోతాడు. నడవడి కొలిచే తక్కెడ ఎక్కడా అమ్మరు.

అయితే పాతకాలం వాళ్ళు ఒక పద్ధతి పట్టుకున్నారు. కంచి దగ్గర ఉత్తరమేరూరులో వైకుంఠ పెరుమాళ్ గుడి గోడల మీద పరాంతక చోళుడి కాలపు శాసనాలున్నాయి, పదో శతాబ్దం మొదట్లోవి. ఊరి వారియాలకు, అంటే కమిటీలకు, మనుషుల్ని ఎలా ఎంచాలో అందులో చెక్కించారు. ఊళ్ళో 30 వాడలు. నిలబడేవాడి వయసు 35కీ 70కీ మధ్య ఉండాలి. పన్ను కట్టే భూమి, సొంత ఇల్లు, శాస్త్రజ్ఞానం ఉండాలి. అర్హులందరి పేర్లూ తాటాకుల మీద రాసి కుండలో వేస్తారు. ఒక పసివాడి చేత తీయిస్తారు. గడిచిన మూడేళ్ళలో కమిటీలో ఉన్నవాడికి మళ్ళీ అవకాశం లేదు. అంతకుముందు పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడు మళ్ళీ నిలబడకూడదు, వాడి చుట్టాలు కూడా నిలబడకూడదు! ఈ ఒక్క షరతు ఇవాళ పెడితే మన శాసనసభల్లో ఎన్ని కుర్చీలు ఖాళీ అవుతాయో శ్రోతల ఊహకే వదిలేస్తున్నాను. అది బ్రాహ్మణుల అగ్రహారం, ఆడవాళ్ళకీ పాలేళ్ళకీ చోటు లేదు. కాబట్టి దాన్ని స్వర్ణయుగమని నేను అనను. కానీ అర్హత ఒకచోట, అదృష్టం ఒకచోట, లెక్క చెప్పడం ఇంకోచోట పెట్టిన ఆ తెలివి మెచ్చుకోదగ్గది.

అంతకు చాలా ముందే గ్రీకుల ఏథెన్స్‌లో ఐదువందల మంది సభకు చీటీలు తీసేవాళ్ళు. పౌరుల్లో ఎవరి పేరైనా రావచ్చు, చెప్పులు కుట్టేవాడిదైనా సరే. పదిమంది సేనాపతుల్ని మాత్రం చేతులెత్తి ఎన్నుకునేవాళ్ళు. యుద్ధం చీటీకి వదిలేది కాదని వాళ్ళకు తెలుసు. పెరిక్లీస్ అలా వరసగా ఏళ్ళ తరబడి ఎన్నికైనవాడు. అంతటివాణ్ణి కూడా క్రీస్తుపూర్వం 430లో పదవి నుంచి దింపి జరిమానా వేశారు. మరుసటేడు మళ్ళీ వాళ్ళే ఎన్నుకున్నారు. ఘనుణ్ణి వాడుకోవడం తెలిసినవాళ్ళంటే వాళ్ళే.

నా అభిప్రాయం ఇక్కడ కుదురుకుంటుంది. సభకు పోలిక కావాలి, కుర్చీకి సామర్థ్యం కావాలి. శాసనసభలో కౌలురైతు, బీడీ కార్మికురాలు, ఆటో డ్రైవరు, గిరిజన టీచరు కూర్చుంటే ఆ సభ మనలా ఉంటుంది, మన బాధ అక్కడ వినబడుతుంది. ఖజానా, నీటి పంపకం, పోలీసు, అప్పు, ఇవి ఎవరి చేతిలో పెడతామో వాడు మాత్రం మనకంటే గట్టివాడై ఉండాలి.

మనం చేస్తున్నది తలకిందులు. అసెంబ్లీ అభ్యర్థి చట్టప్రకారం పెట్టదగ్గ ఖర్చే 40 లక్షలు. అసలు ఖర్చు సంగతి అందరికీ తెలిసిందే. కాబట్టి సభలోకి మనలాంటివాడు వెళ్ళే దారే లేదు. వెళ్ళినవాడేమో మనలాంటివాడిగా కనబడాలి. పెళ్ళికి వచ్చి అక్షింతలు వేశాడా, చావుకి వచ్చి పరామర్శించాడా, ఫోన్ చేస్తే స్టేషన్‌కి సిఫారసు చెప్పాడా, ఇవే మన కొలతలు. ఐదేళ్ళూ పెళ్ళిళ్ళూ పెద్దకర్మలూ తిరిగితే బడ్జెట్ పద్దులు ఎప్పుడు చదువుతాడు? పాపం, చదివే అలవాటున్నవాడు కూడా మన ఇంటి గృహప్రవేశానికి రాలేదన్న నిష్ఠూరానికి భయపడి పుస్తకం మూసేస్తాడు. తప్పు సగం మనదే.

రాజేంద్రప్రసాద్‌గారు మాట్లాడడానికి ముందు రోజు అంబేద్కర్‌గారు అదే సభలో ఒక హెచ్చరిక చేశారు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గానీ రాజకీయాల్లో వీరపూజ చివరికి నియంతృత్వానికే దారి తీస్తుందని. సామర్థ్యం ఉన్నవాడు కావాలన్నంత మాత్రాన వాడికి పాలాభిషేకాలు చెయ్యనక్కర్లేదు. పని గట్టిగా చేయించుకుందాం, లెక్క గట్టిగా అడుగుదాం.

అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఉంటాయి. అంతకుముందు పదవిలో ఏం చేశాడో ఉండదు. అది మనమే వెతుక్కోవాలి. లోక్‌సభలో మీ సభ్యుడు ఏ ప్రశ్నలు అడిగాడో, ఏ చర్చలో మాట్లాడాడో ఆ సభ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మీ పిల్లల చేత తీయించి చదివించుకోండి. పంచాయతీ లెక్కలు గ్రామసభలో పైకి చదవమని అడగండి, అడిగే హక్కు మీకుంది. వచ్చే ఎన్నికలకు ముందు ఈ రెండు పనులూ చెయ్యండి, ఓటు ఎవరికన్నది ఆ తరవాత మీ ఇష్టం.